చిప్‌సెట్ చల్లబడనీ

మొన్న మస్కట్ నుంచి వీడియో కాల్‌లో మీ అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకేసారి అడిగారు. మీ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద చిప్‌సెట్‌కు ఉన్న చిన్న ఫ్యాన్ గీపెడుతోంది, దాన్ని తీసేసి పెద్ద కూలింగ్ పెట్టించాలా, ఉన్నదానితోనే నెట్టుకురావాలా అని. మీ నాన్న పక్కనుంచి, "పెద్దదెందుకు, ఉన్నది సాలు. అమ్మమ్మను అడిగితే పచ్చిపులుసు సంగతి చెప్తది గని, గివన్ని ఆమెకేం ఎరుకరా?" అని నవ్వాడు. మీ అమ్మ నవ్వలేదు. ఫోన్‌ను చటుక్కున పక్కకు తిప్పింది.

ఎందుకు తిప్పిందో చెప్తాను. తీరిగ్గా కూర్చుని వినండి. నా గొంతు చిన్నది, మీకు తెలుసు కదా. కోపం వచ్చినా అది పెరగదు. అందుకే ఇంటా బయటా చాలామంది నాకు కోపమే రాదనుకున్నారు. అలా అనుకున్నవాళ్లలో మొదటి మనిషి నా ఆడబిడ్డ, అంటే మీ తాతకు చెల్లెలు, మీ అమ్మకు మేనత్త.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమె లంగా జాకెట్ వేసుకునే పిల్ల. తలకు నూనె రాసి, పేలు చూసి, రెండు జడలు వేసి బడికి పంపింది నేనే. తర్వాత పెద్దపల్లిలో ఇచ్చాం. మంచి ఇల్లే దొరికింది. దొరికాక మెడ కొంచెం వెనక్కి వాలింది.

మీ తాత పెండ్లిళ్లకు వీడియో తీసేవాడు. కరీంనగర్ చుట్టుపక్కల ఆయన భుజం మీద కెమెరా ఎక్కని పెండ్లి తక్కువ. తీయడం ఆయన పని. తీసిన దాంట్లోంచి ముక్కలు ఏరి, పాటలు అతికించి, పూలు రాల్చి, మూడు గంటల పెండ్లి సినిమాగా చేయడాన్ని మిక్సింగ్ అంటారు. అప్పట్లో దాన్ని బస్టాండ్ దగ్గర ఒకాయనకు ఇచ్చేవాళ్లం. మీ అమ్మ పెండ్లి వీడియో కూడా తాతే తీశాడు. మిక్సింగ్ మాత్రం ఆ బస్టాండ్ దగ్గరి ఆయనే చేశాడు.

మన దిక్కు పెండ్లిలో ఐరేని కుండలు తెస్తారు. కుమ్మరి ఇంట్లో సున్నం, జాజు పూసి బొమ్మలు వేసిన కుండలను డప్పులతో వెళ్లి తెచ్చుకుంటాం. మా ఇంటి ఆనవాయితీ ఏమిటంటే, మొదటి కుండ ఆడబిడ్డే ఎత్తుకోవాలి. ఆమె ఎత్తుకోనిదే మిగతావాళ్లు కుండ ముట్టుకోరు. ఆమె ఎత్తుకోవాలంటే కొత్త చీర పెట్టాలి. చీర నచ్చకపోతే ఆమె అలుగుతుంది, మేం బతిమాలుతాం, అందరూ నవ్వుతారు, డప్పు మళ్లీ మోగుతుంది. అది ఉత్తుత్తి అలక. ఇంటింటా ఉండేదే.

ఆమె అలక ఉత్తుత్తిది కాదు. మిట్టమధ్యాహ్నం, కుమ్మరి వాకిట్లో, డప్పులవాళ్లు చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే, ఆమె గద్దె మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నేను పెట్టిన చీరను వేలితో ఎత్తి చూపించింది.

"గిది ఆడబిడ్డకు పెట్టే చీరనా వదినె? స్టీలు గిన్నెలోడు అచ్చినప్పుడు ఏసేటట్టుంది."

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. "జర లే బిడ్డా, పొద్దు పోతుంది. పెండ్లోళ్లు అచ్చే యాల్లయింది" అన్నాను.

"నేను ఎత్త. ఎవలతోని ఎత్తించుకుంటరో ఎత్తించుకోండ్రి."

గంట గడిచింది. మగపెండ్లివాళ్లు విడిదికి దిగారని కబురు వచ్చింది. వాళ్ల వైపు ఆడవాళ్లు ఇద్దరు ఏమైందో చూద్దామని వచ్చి నిలబడ్డారు. నాకు చెవులు మండుతున్నాయి. "కాళ్లు మొక్కుత, లే" అన్నాను. మాటవరసకు అన్నాను. ఆమె రెండు కాళ్లూ ముందుకు చాపింది.

నేను వంగాను. తలకు నూనె రాసిన పిల్ల కాళ్లు పట్టుకోవడానికి, వియ్యపురాళ్ల ముందు వంగాను. అప్పుడామె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఇంకింత వంగు వదినె, కెమెరాల పడాలె గద."

కెమెరా మీ తాత భుజం మీదే ఉంది. ఆపలేదు. ఆపాలని తోచలేదన్నాడు తర్వాత. పెండ్లిలో కెమెరా ఆపకూడదని చేతికి అలవాటైపోయిందట.

అంతటితో అయిపోతే నేనూ మరిచిపోయేదాన్నేమో. పెండ్లి సీడీ వచ్చింది. అందరం కూర్చుని చూశాం. ఐరేని కుండల దగ్గర ఆ ముక్క మొత్తం ఉంది. నేను వంగడం, ఆమె కాళ్లు చాపడం, దాని వెనక సన్నాయి పాట కూడా పెట్టారు. మీ తాత మిక్సింగ్ ఆయన దగ్గరికి వెళ్లి అడిగాడు, ఇది ఎందుకుంచినవని. ఆయన అమాయకంగా చెప్పాడట: "మీ చెల్లెనే అచ్చి నా పక్కన కూసున్నది గదన్నా. గిదే మెయిన్ సీన్, గిది తీస్తే ఊకోను అన్నది."

మీ అమ్మ దగ్గర ఉన్న సీడీలో ఆ ముక్క లేదు. తర్వాత నేనే తీసేసి ఇచ్చాను. కానీ పెద్దపల్లిలో ఆమె దగ్గర ఇంకొక సీడీ ఉండేది. ఇంటికి చుట్టాలు వస్తే చాలు, చాయ్ ఇచ్చి, టీవీ పెట్టి, సరిగ్గా అక్కడికి తిప్పేది. నేనున్నప్పుడు కూడా పెట్టింది ఒకసారి. "సూడుండ్రి, మా వదినె ఎంత మంచిగ వంగిందో! గప్పుడు నడుం నొప్పి లేకుండె." అందరూ నవ్వారు. నేను చాయ్ గ్లాసు కింద పెట్టి, నేనూ నవ్వాను.

ఆ రోజు నాకొకటి అర్థమైంది. పెండ్లి ఎలా జరిగిందన్నది పెండ్లిలో తేలదు. మిక్సింగ్ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లు తేలుస్తారు.

ఇంటికి వచ్చి మీ తాతతో అన్నాను: "మిక్సింగ్ బయటకిచ్చుడు బంద్. నేను నేర్చుకుంట."

"నువ్వా?" అన్నాడు. వాకిట్లో కెమెరా ఆపని మనిషికి ఆ తర్వాత ఇంట్లో ఎక్కువ మాట్లాడే వీలు లేకపోయింది.

మూతపడుతున్న నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి కొన్నాం. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే చదువు నాది. ఏ బొమ్మ నొక్కితే ఏమవుతుందో ఒక్కొక్కటే పట్టుకున్నాను. మొదటి పెండ్లిలో వరుడి ముఖం మీద గులాబీలు ఎక్కువ పడి, ఆ పిల్లగాడు కనిపించకుండా పోయాడు. వాళ్ల అమ్మ వచ్చి అరిచింది. నెమ్మదిగా చేయి తిరిగింది. "అమ్మ చేస్తే అందరు మంచిగ కనబడతరు" అనే పేరు వచ్చింది. నిజమే. ఎవరిని ఎంతసేపు ఉంచాలో, ఎవరి ఏడుపు ఎక్కడ ఆపాలో నాకు తెలిసింది. మిక్సింగ్ అంటే సగం మర్యాద. మిగతా సగం నేను దాచిపెట్టుకున్నాను.

ఏండ్లు గడిచాయి. నా ఆడబిడ్డ కొడుకు పెండ్లి కుదిరింది. ఆమే స్వయంగా వచ్చి చెప్పింది.

"ఇంటోళ్లుండంగ బయటోళ్లెందుకు వదినె? అన్న తీస్తడు, నువ్వు మిక్సింగ్ చెయ్యి. గని నన్ను జర మంచిగ సూపెట్టు, పెండ్లికొడుకు తల్లిని."

"సూపెడత బిడ్డా" అన్నాను.

ప్రమాణంగా చెప్తున్నాను, అప్పటికి నా మనసులో అంత పెద్ద ఆలోచన లేదు. ఒకటి రెండు చోట్ల కోసేద్దాం అనుకున్నాను, అంతే. కానీ ఆ పెండ్లిలో ఐరేని కుండలకు వెళ్లినప్పుడు, ఆమెకూ ఒక ఆడబిడ్డ ఉంది కదా, ఆసిఫాబాద్‌లో ఇచ్చిన పిల్ల, ఆమె అలిగింది. చీర రంగు నచ్చలేదట. పెద్దపల్లి కుమ్మరి వాకిట్లో తూము పక్కన చతికిలబడి లేవనంది. నా ఆడబిడ్డ బతిమాలింది, కోప్పడింది, చివరకు అందరి ముందూ వంగి ఆమె కాళ్లు పట్టుకుంది.

నేను అప్పుడు పెండ్లింట్లో వంటల దగ్గర ఉన్నాను. చూడలేదు. తర్వాత ఇంట్లో ముక్కలు ఏరుతుంటే తెర మీద కనబడింది. చేయి మౌస్ మీదే ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

మీ తాతను పిలిచాను. "కెమెరా ఆపకపోయినవా?"

ఆయన తెరకేసి చూసి, నాకేసి చూసి, "నీ దగ్గర ఆపలే. గీడ ఆపితే నువ్వు ఊకుంటవా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఆయన మీద ఉన్న కోపంలో చాలావరకు వదిలేశాను.

ఇక పని మొదలుపెట్టాను. మూడు గంటల పెండ్లిలో నా ఆడబిడ్డను ఎక్కడా ఉంచలేదు. కొడుకు పక్కన నిలబడ్డ చోట బొమ్మను దగ్గరకు లాగి కొడుకును మాత్రమే ఉంచాను. తలంబ్రాల దగ్గర ఆమె చేయి మిగిలింది, గాజులతో సహా, ముఖం లేదు. కోయడానికి వీలుకాని చోట గులాబీ మొగ్గ పెట్టాను. అది సరిగ్గా ఆమె ముఖం మీద మెల్లగా విచ్చుకుని, రేకులు రాలేసరికి వేరే బొమ్మ వస్తుంది. మర్యాదకు మర్యాద, పువ్వుకు పువ్వు. ఆమె కనిపించేది ఒక్కచోటే. ఐరేని కుండల దగ్గర, వంగి కాళ్లు పట్టుకునే చోట. ఆ ముక్కను స్లో మోషన్‌లో పెట్టాను. తల వంగడం మొదలై చేతులు పాదాలకు తాకేదాకా, మెల్లగా, చాలా మెల్లగా.

ఇక్కడే మీ చిప్‌సెట్ వచ్చింది. మీ అమ్మ ఫోన్ తిప్పింది ఆ మాట వినే.

అన్ని ముక్కలూ అతికించాక కంప్యూటర్ వాటిని కలిపి ఒక్కటే వీడియోగా చేయాలి. దాన్ని రెండర్ పెట్టడం అంటారు. పెట్టి వదిలేస్తే అదే గంటలకొద్దీ చేసుకుంటుంది. నేను పెట్టాను. పసుపు దంచడం అయింది, నలుగు అయింది, ఐరేని కుండల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. తెర కదలదు, మౌస్ కదలదు. ఆపి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే. వేరే పెండ్లిళ్లు ఇదే కంప్యూటర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా అయ్యాయి. ఆ స్లో మోషన్ దగ్గరే గొంతు పట్టేసినట్టు ఆగేది. చల్లపొద్దున పెట్టినా అదే తీరు.

ఎండాకాలం. మన కరీంనగర్ ఎండ మీకు సెలవుల్లో తెలిసిందే. కంప్యూటర్ డబ్బాకు పక్క రేకు ఊడదీసి, చేయి పెట్టి చూశాను. ప్రాసెసర్ మీద పెద్ద ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. దానికి కింద, అగ్గిపెట్టె అంత చిప్ మీద చిన్న ఫ్యాన్ ఒకటి గీగీమంటూ తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతోంది. వేలు తగిలితే చుర్రుమంది.

నాకు తోచిన వైద్యం చేశాను. గదిలో నీళ్ల కూలర్ ఉంది కదా, గడ్డి పలకలతో పెద్దది, దాన్ని లాక్కొచ్చి సరిగ్గా డబ్బా నోటికి ఎదురుగా పెట్టి పూర్తిగా తిప్పాను. మనుషులకు చల్లగా ఉంటే దానికి ఉండదా? రెండు రోజులు బాగానే అనిపించింది. మూడో రోజు ఫ్యాన్ పూర్తిగా నిలిచిపోయింది.

తాత డబ్బాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో టవర్ సర్కిల్ దగ్గర రిపేర్ షాపుకు తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. షాపాయన నలభై ఏండ్ల మనిషి, మా కంప్యూటర్‌ను ముందునుంచీ ఎరిగినవాడు. లైటు వేసి లోపలికి చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అమ్మా, దీనికి సలిజరం అచ్చింది. గీ గడ్డి ఏంది? గీ తెల్లటి ఉప్పు ఏంది?"

కూలర్ గడ్డి పోగులు చిన్న ఫ్యాన్ రెక్కల్లో చుట్టుకున్నాయి. బోరు నీళ్ల తుంపర ఎండి, బోర్డంతా ఉప్పు పేరుకుంది.

"కూలర్ పెట్టిన" అన్నాను.

"నువ్వొక్కదానివే కాదులే, ఎండాకాలం అచ్చిందంటే గిసోంటివి రోజుకొకటి అస్తయి. గాలి కావాలె గని నీళ్లగాలి గాదమ్మా. ఇది తడిసినా బతికిందంటే నీ అదృష్టం."

బ్రష్‌తో శుభ్రం చేశాడు. ఆ చిన్న చిప్ ఏం చేస్తుందని అడిగాను. ఆయన చెప్పింది నాకు ఇలా అర్థమైంది. పెద్దపల్లి జంక్షన్ ఉంది కదా, కాజీపేట బండైనా, బల్లార్షా బండైనా, కరీంనగర్ వైపు మళ్లే బండైనా దాని మీంచే పోవాలి. హార్డ్ డిస్క్ నుంచి వచ్చేవి, మెమరీకి పోయేవి, అన్నీ ఈ చిప్ మీంచే పోతాయి. మామూలు రోజుల్లో దానికి పెద్ద వేడి ఉండదు. స్లో మోషన్ పెడితే మాత్రం ఒక్క క్షణాన్ని సాగదీసి, మధ్యలో లేని బొమ్మలను పుట్టించాలి. అప్పుడు బండ్ల మీద బండ్లు. పట్టాలు కాలిపోతాయి.

"ఇగ ఏం చేద్దామంటవ్ మరి?" అన్నాడు తాత.

షాపాయన తీరుబడిగా చెప్పాడు. "గిసోంటి చిన్న ఫ్యానే కొత్తది ఏస్తే నడుస్తది, గని ఏడాదికో రెండేండ్లకో మల్ల గీపెడతది. పెద్ద అల్యూమినియం హీట్‌సింక్ ఏస్తే ఫ్యానే అక్కర లేదు, సప్పుడుండది, గని నీ గ్రాఫిక్స్ కార్డుకు తగుల్తది, వంకర ముక్క తెప్పియ్యాలె, హైదరాబాద్ నుంచి రావాలె. నా మాటినుర్రి, ఏదీ అద్దు. ఏ సీన్ దగ్గర ఆగుతుందంటివి అమ్మా?"

"ఐరేని కుండల కాడ."

"గక్కడ స్లో మోషన్ తీసెయ్యి. మామూలుగ పెట్టు. పాటలు, పువ్వులకు గీ ఫ్యాన్ సాలు. ఒక్క సీన్ కోసం కూలింగ్ మార్చుడు ఎందుకు?"

మీ తాతకు ఆ మాట ప్రాణం లేచి వచ్చినట్టయింది. "ఇన్నవా? మామూలుగ పెడితే అయిపోతది. ఎవలకు ఏ పరేషాన్ ఉండది." ఆయన ఎవరి గురించి అన్నాడో నాకు తెలుసు. ముక్కలు ఏరేటప్పుడు ఆయన నా వెనుక నిలబడి అన్నీ చూశాడు. గులాబీలు లెక్కపెట్టినట్టున్నాడు.

మామూలుగా పెడితే ఆ ముక్క రెండు రెప్పపాట్లలో పోతుంది. వంగిందా లేదా అనేది కూడా తెలియదు. ఎవరో చుట్టం చాయ్ అందుకునే లోపల అయిపోతుంది. నన్ను చూపించినప్పుడు ఆమె అంత తొందరగా పోనిచ్చిందా? ఆపి ఆపి, తిప్పి తిప్పి చూపించింది.

"పెద్దదే తెప్పియ్యి" అన్నాను షాపాయనతో.

ఇంటికి వచ్చాక మీ తాత మెల్లగా మొదలుపెట్టాడు. "మా చెల్లెనే. ఏమున్నా చిన్నప్పటిసంది నువ్వు పెంచినదే. అన్నిసార్లు అక్కడ్నే ఆగుతుందంటే ఆలోచించు. దేవుడే అడ్డం పడుతుండేమో."

"దేవుడు అడ్డం పడాలంటే నేను వంగిననాడు పడాలె" అన్నాను. గొంతు పెంచలేదు. ఆయన లేచి కొళాయి నీళ్లు పట్టడానికి వెళ్లాడు.

ఆ వస్తువు వచ్చేదాకా పెద్దపల్లి నుంచి ఫోన్లే ఫోన్లు. "ఏంది వదినె, మనుమడు పుట్టినంక ఇస్తవా పెండ్లి వీడియో? పిల్లగాడు, కోడలు మల్ల దుబాయ్ పోతుండ్రు, పోకముందు అందరం కూసోని సూడాలె." "కంప్యూటర్ ఏడెక్కుతుంది బిడ్డా" అనేదాన్ని. "నీది కంప్యూటరా, ఇటుకబట్టీనా?" అని పగలబడి నవ్వేది. మంచిదే. నవ్వనిచ్చాను.

హీట్‌సింక్ వచ్చింది. అరచేయంత వెడల్పు, పక్కకు ఒంగిన పొడవాటి రేకులు. పాత ఫ్యాన్‌ను పట్టి ఉంచిన ప్లాస్టిక్ మేకులు వేడికి పెళుసెక్కి, ముట్టుకుంటే విరిగిపోయాయి. కింద రాసిన పేస్టు ఎండిన సున్నంలా రాలింది. షాపాయన దాన్ని తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి, పెద్ద ముక్క అదిమి బిగించాడు. కూలర్‌ను ఆ గదిలోంచి బయటకు గెంటించాను.

రెండర్ పెట్టాను. కుర్చీ లాక్కొని పక్కనే కూర్చున్నాను. పసుపు దంచడం పోయింది. నలుగు పోయింది. ఐరేని కుండలు వచ్చాయి. తెర మీద అంకె పాకుతోంది, నత్తలా, కానీ పాకుతోంది. రేకుల మీద వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది. నా ఆడబిడ్డ తల కొంచెం కొంచెంగా వంగుతూ, చెవి కమ్మలు ముందుకు ఊగుతూ, చేతులు పాదాలను తాకి, దాటిపోయింది. అంత హాయిగా నేను ఎన్నడూ ఊపిరి పీల్చలేదు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెద్దపల్లి వెళ్లాం. హాలు నిండా చుట్టాలు. నా ఆడబిడ్డ పెండ్లినాటి పట్టుచీరే కట్టుకుని, టీవీ ముందు నడి కుర్చీలో కూర్చుంది. ఆసిఫాబాద్ ఆడబిడ్డ కూడా వచ్చింది, సోఫాలో ఒక మూల. వియ్యపురాలికి నా ఆడబిడ్డ ముందే చెప్పి పెట్టింది, "మా వదినె మస్తు చేస్తది" అని.

మొదలైంది.

"ఇగో, ఇప్పుడస్త సూడుండ్రి" అంది. రాలేదు. గులాబీ విచ్చుకుంది.

"గీ పువ్వేంది నడుమ?" అన్నాడు ఆమె భర్త.

"డిజైన్ అన్నా" అన్నాను.

"ఆగుండ్రి, కొడుకుకు నలుగు పెట్టేటప్పుడు నేనే ముందున్న" అంది. నలుగు వచ్చింది, ఎవరెవరి చేతులో వచ్చాయి. మళ్లీ గులాబీ. ఆమె మాటలు తగ్గిపోయాయి. వియ్యపురాలు వంగి, "మీరు గీడ లేకుండెనా అక్కా?" అని అడిగింది. నేను పళ్లెంలోంచి సకినం తీసుకుని కొరికాను. హాల్లో ఆ చప్పుడే వినబడింది.

ఐరేని కుండలు వచ్చాయి. అక్కడ డప్పు తీసేశాను. ఏ పాటా పెట్టలేదు. ఆమె మెల్లగా తెర మీదికి వచ్చింది. ఇంత పెద్ద పెండ్లిలో మొదటిసారి. "అగో అమ్మ!" అన్నాడు కొడుకు సంతోషంగా. ఆమె వంగడం మొదలుపెట్టింది. వంగుతూనే ఉంది. కమ్మలు ఊగాయి, కొంగు జారింది, చేతులు పాదాల దాకా పోయాయి. నా ఆడబిడ్డ టీవీ చూడటం లేదు. నన్ను చూస్తోంది. నేను కూడా చూశాను, చల్లగా.

అప్పుడు సోఫా మూలనుంచి ఆసిఫాబాద్ ఆడబిడ్డ లేచి రిమోట్ అందుకుంది.

"ఆగుండ్రి ఆగుండ్రి. గది జర మల్ల పెట్టుర్రి."

మళ్లీ పెట్టింది. వెళ్లేటప్పుడు తన పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ ఎక్కించుకుని మరీ వెళ్లింది. ఆసిఫాబాద్‌లో, జైనూర్‌లో వాళ్ల చుట్టాలిండ్లలో ఎక్కడెక్కడ చూపించిందో నేను అడగలేదు. అడగకుండానే కబుర్లు వచ్చాయి.

వారం తిరగకుండా నా ఆడబిడ్డ కరీంనగర్ వచ్చింది. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి, పీట మీద కూర్చుంది. కుర్చీ ఉన్నా పీట మీద కూర్చుంది.

"నేనున్న పెండ్లి నాకియ్యి వదినె" అంది. "నా ఒక్కగానొక్క కొడుకు పెండ్లి."

"ఇస్త. నాది నాకియ్యి ముందుగాల."

సంచిలోంచి పాత సీడీ తీసి ఇచ్చింది. తెచ్చుకునే వచ్చింది. అంటే ఏం చేసిందో ఆమెకు అన్నాళ్లూ తెలుసన్నమాట. నాకు అదే కావలసింది. ఆ సీడీని దారం కట్టి మేడ మీద వేలాడదీశాను. మిరపకాయలు ఎండబోసినప్పుడు తళుక్కుమని తిరుగుతుంటే కాకులు దగ్గరకు రావు. మీరు సెలవుల్లో వచ్చినప్పుడు దాంతోనే గోడ మీద వెలుగు ఆడించారు.

"నాది ఎప్పుడిస్తవ్?" అంది.

"కంప్యూటర్ మల్ల ఏడెక్కుతుంది బిడ్డా. చిప్‌సెట్ చల్లబడనీ. వానలు పడనీ."

వానలు పడ్డాయి. అన్ని కాలాలూ వచ్చి పోయాయి. ఆమె ఉన్న ముక్కలన్నీ భద్రంగా ఉన్నాయి, నలుగు, తలంబ్రాలు, అప్పగింతలు, ఒక్కటీ పారేయలేదు. పారేస్తే ఆమెకు ఆశ ఉండదు. ఆశ లేకపోతే ఫోన్ చేయదు.

ఇంతకీ మీ సంగతి. మీరు ఆడుకునే ఆటలకు పెద్ద కూలింగ్ అవసరం లేదు. మీ నాన్న చెప్పింది నిజమే, ఆయనకు ఎందుకో తెలియకపోయినా. పక్క రేకు తీసి దుమ్ము దులపండి, గీపెట్టే ఫ్యాన్‌ను అదే సైజులో మార్పించండి, నీళ్ల కూలర్ మాత్రం ఎదురుగా పెట్టకండి. ఎవరినైనా మెల్లగా, అందరికీ కనబడేటట్టు చూపించాల్సిన పని పడితే అప్పుడు పెద్దది పెట్టించండి. పడితే నాకు ఫోన్ చేయండి. గ్రాఫిక్స్ కార్డుకు తగలకుండా ఏ వైపు వంగింది తెప్పించాలో చెప్తాను.

మొన్న మీ కాల్ పెట్టేయగానే పెద్దపల్లి నుంచి ఫోన్ వచ్చింది. గొంతు బాగా తగ్గింది ఆమెది ఈ మధ్య.

"వదినె, మనుమరాలు అడుగుతుంది, వాళ్ల నాయిన పెండ్లిల నాయినమ్మ ఎందుకు లేదని. చల్లబడ్డదా?"

నేను డబ్బా పక్క రేకు తీసి లోపల చేయి పెట్టాను. అల్యూమినియం రేకులు కుండలో నీళ్లంత చల్లగా తగిలాయి. చేయి తీయకుండానే చెప్పాను.

"ఎక్కడిది బిడ్డా. ఇంకా కాలుతనే ఉన్నది."